ఒత్తడం

మా అమ్మ పట్టుగూటిని బొటనవేలికీ పక్క రెండు వేళ్ళకూ మధ్య పెట్టి ఒత్తి చూస్తుంది. ఒకసారి నడుము దగ్గర, ఒకసారి కొస దగ్గర. అంతటితో ఆ గూడు కుడి బుట్టలోకి పోవాలో ఎడమ బుట్టలోకి పోవాలో తేలిపోతుంది. వేలిని వెనక్కి తోసేది మంచి గూడు. లొట్టపోయేది పలచ గూడు. లోపలి పురుగు జబ్బుపడో, కడుపు నిండా ఆకు తినకో, కట్టవలసినంత దారం కట్టకుండానే పడుకుందన్నమాట. కంటికి రెండూ ఒకటే తెలుపు. తమిళనాడులో మారండహళ్ళి పక్కన మా ఊళ్ళో పట్టుపురుగులు పెంచే ఇళ్ళు చాలా ఉన్నాయి. అందరూ ఒత్తే చూస్తారు. అయినా ఎటూ తేలని గూళ్ళు నాలుగు కొంగులో వేసుకొని ఆడవాళ్ళు మా ఇంటికే వచ్చేవారు. అమ్మ వాళ్ళతో మాట్లాడుతూనే, గూళ్ళ వైపు చూడకుండానే, ఇది అది అని తేల్చి ఇచ్చేసేది.

నేను ధర్మపురిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. పాఠాలు లేని వేళల్లో అక్కడి ల్యాబులో స్పర్శను కొలిచే పరికరం ఒకటి తయారుచేస్తున్నాను. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఊరికి పోతాను, సోమవారం పొద్దున తిరిగి వస్తాను. అమ్మ వేళ్ళ గురించీ నా పరికరం గురించీ ఈ నాలుగు మాటలు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాయడానికి కూర్చున్నప్పుడల్లా సిగ్గు అడ్డు వచ్చింది.

ముందు నా తెలుగు గురించి చెప్పాలి, తప్పంతా అక్కడ మొదలైంది కాబట్టి. మా ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. బడిలో నేను చదివింది తమిళమే. మా అమ్మకూ నాయనకూ తెలుగు అక్షరాలు రావు, నాకూ వచ్చేవి కావు. ఎమ్మెస్సీ చదవడానికి తిరుపతికి పోతే హాస్టల్లో అమ్మాయిలు నా మాట విని పడీ పడీ నవ్వారు. నేను ప్రతి పనికీ చివర 'ఏది' తగిలిస్తానట. వచ్చేది, పోయేది, చేసేది. ఒకతె అయితే నన్ను "ఏదీ" అనే పిలవడం మొదలుపెట్టింది. నాకు ముక్కు మీద కోపం. ఆ వారమే చిన్నపిల్లల అక్షరాల పుస్తకం కొనుక్కొచ్చుకొని పంతంగా కూర్చున్నాను. రెండేళ్ళు తిరిగేసరికి ఆ నవ్విన పిల్ల తన సెలవు చీటీలు నా చేత రాయించుకునేది. నా నోట్లో వచ్చేది రావడం అయింది, చేసేది చేయడం అయింది. ఇంటికి వచ్చినా అదే తెలుగు మాట్లాడేదాన్ని.

"టీవీలో వార్తలు చదివినట్ల ఉండాది నీ మాట," అనేది అమ్మ.

అది మెచ్చుకోలు అనే అనుకున్నాను.

ఇక పరికరం. వెంట్రుకంత సన్నటి గాజు పోగు. ఫోను మాటల్ని మోసుకుపోయే ఆప్టికల్ ఫైబరే అది. పోగు లోపల ఒకచోట కంటికి కనిపించని గీతలు వరుసగా ఉంటాయి. పోగులోకి వెలుగు పంపితే ఆ గీతలు ఒకే ఒక్క రంగును వెనక్కి తిప్పి పంపుతాయి. పోగు సాగితే గీతల మధ్య ఎడం పెరిగి, తిరిగి వచ్చే రంగు రవంత జరుగుతుంది. ఎంత జరిగిందో యంత్రం చదివితే, పోగు మీద ఎంత బలం పడిందో తెలుస్తుంది. ఈ పోగును సిలికోన్ మెత్తలో పెట్టి వేలికొస లాంటిది చేయాలన్నది నా పని. యంత్రపు చెయ్యి ఒకటి మెత్తటి వస్తువును నలగకుండా పట్టుకోవాలంటే, తాను ఎంత ఒత్తుతున్నదో దానికి తెలియాలి గదా. అందరూ టమాటాలతోనూ గుడ్లతోనూ పరీక్షలు చేస్తారు. నేను పట్టుగూళ్ళతో చేస్తానన్నాను. మంచి గూటినీ పలచ గూటినీ వేరు చేయగల వేలు చేస్తానని మా ల్యాబు పెద్ద మేడమ్‌తో గొప్పగా చెప్పాను.

అమ్మకు చెబితే అడిగింది.

"గాజు దారానికి ఏం తెలుస్తుంది పాపా?"

"దారానికి కాదమ్మా, అందులో పోయే వెలుగుకు తెలుస్తుంది."

"మరి కరెంటు పోతే నీ దారం ఏం చేసేది?"

మా నాయన పక్కన కూర్చొని ఎంత నవ్వాడో. ఆ తరువాత ఊళ్ళో కరెంటు పోయినప్పుడల్లా ఆయన ఆ మాట అనేవాడు.

మొదటి మెత్త మొద్దు. గూడు కాదు గదా, గూడంత రాయి పెట్టి ఒత్తినా రంగు కదలలేదు. గాజు సాగడానికి ఒప్పుకోని వస్తువు. పైనుంచి అదిమితే అదిమినంత సేపూ పడి ఉంటుంది. సిలికోన్ మార్చాను, ఇంకా మెత్తటిది తెచ్చాను, పోసే అచ్చు మార్చాను. తల ప్రాణం తోకకు వచ్చింది. ఒకరోజు కోపం పట్టలేక ఆ మెత్తను ఊడబెరికి రెండుగా వంచాను. అది విరగలేదు, వంగింది. దాని పక్కభాగం మీద కొలత కోసం పెన్నుతో నేను గీసుకున్న నిలువు గీతలు ఉన్నాయి. వంపు బయటివైపు గీతలు ఎడమయ్యాయి, లోపలివైపు గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. నడుమ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. చాప వంచినా ఇంతే గదా. బయటి అంచు సాగుతుంది, లోపలి అంచు ముడుచుకుంటుంది, నడుమ దానికి ఏమీ పట్టదు. నేను గాజు పోగును సరిగ్గా ఆ నడుమే పెట్టాను. ఎందుకంటే, అందంగా ఉంటుందని.

పోగును అడుగుకు దించాను. మెత్త వంగడానికి వీలుగా కింద కొంచెం బోలు వదిలాను. మెత్త మందం తగ్గించాను. రాయికి కదలనిది ఇప్పుడు గూటికి కదిలింది. ఇంకా పలచగా పోస్తే నోటితో ఊదినా కదిలింది. కాని అంత పలచనిది నాలుగు ఒత్తులకే చిరిగిపోయింది. చిరగనంత మందంగా, తెలిసేటంత పలచగా ఉండే చోటు వెతకడానికే ఒక వేసవి పట్టింది.

అప్పుడు అమ్మను రెండు పెట్టెలు అడిగాను. ఒకదానిలో మంచి గూళ్ళు, ఒకదానిలో పలచవి. నా యంత్రపు వేలు సరిగ్గా చెబుతోందా లేదా సరిచూసుకోవడానికి ఒక కొలమానం కావాలి. అమ్మ చేతి కంటే మంచి కొలమానం ఎక్కడ దొరుకుతుంది? అమ్మ చెప్పుల పెట్టెలు రెండు తీసి, గూళ్ళు ఏరి నింపి, మంచి వాటి పెట్టెకు ఎర్ర దారం కట్టి ఇచ్చింది. బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చాను. యంత్రం ఒక్కొక్క గూటినీ ఒత్తింది. అమ్మ మంచిదన్నది యంత్రం మంచిదంది. అమ్మ పలచదన్నది పలచదంది. ఒకటీ అరా తేడా తప్ప అంతా ఒకటే. ఆ సాయంత్రం ల్యాబులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

తరువాతి పంటకు అమ్మ అలాగే ఏరి ఇచ్చిన గూళ్ళతో చిక్కు వచ్చింది. ఎర్ర దారం పెట్టెలోని గూళ్ళలో చాలా వాటిని యంత్రం పలచవి అంది. మళ్ళీ ఒత్తించాను, మళ్ళీ అదే. అప్పటికే యంత్రం మీద నాకు ఇంకో అనుమానం ఉండేది. మధ్యాహ్నం ఎండ ముదిరేకొద్దీ ఎవరూ ముట్టకుండానే ఎవరో ఒత్తుతున్నట్టు అంకెలు చూపించేది. గాజు పోగు వేడికి కూడా సాగుతుంది. సాగింది ఒత్తడం వల్లనా వేడి వల్లనా అని దానికి తెలియదు, సాగానని మాత్రమే చెబుతుంది. ధర్మపురి ఎండలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే చాలు, నా పరికరానికి భ్రమ మొదలవుతుంది. పెద్ద మేడమ్ ఒక ఉపాయం చెప్పింది. మొదటి పోగు పక్కనే ఇంకో పోగును సన్నటి గొట్టంలో వదులుగా పెట్టు. దానికి ఒత్తు తగలదు, వేడి మాత్రం తగులుతుంది. మొదటి దాని లెక్కలోంచి రెండో దాని లెక్క తీసేస్తే మిగిలేది ఒత్తు. అలాగే చేశాను. ఖాళీగా ఉన్నప్పుడు పరికరం కుదురుగా ఉంది. గూళ్ళ దగ్గర మాత్రం మళ్ళీ అదే మాట. ఎర్ర దారం పెట్టెలో పలచ గూళ్ళు ఉన్నాయి.

అమ్మ చెయ్యి తప్పదు. ఆ ఒక్క సంగతి మీద నాకు వీసమెత్తు అనుమానం లేదు. కాబట్టి యంత్రమే తప్పు. ఆ తరువాత పంటకూ అదే వచ్చింది, అప్పుడూ యంత్రానిదే తప్పు. ఒక్క గూటిని బ్లేడుతో కోసి పొర చూసి ఉంటే నిమిషంలో తేలిపోయేది. కోయలేదు. అమ్మ ఏరి ఇచ్చిన గూటిని అనుమానించి కోయడమంటే మర్యాద కాదనిపించింది. దానికి బదులు, యంత్రం జవాబు అమ్మ జవాబుతో కలిసేవరకు లెక్కలో అంకెలు జరిపాను. పరికరాన్ని సరిచేస్తున్నానని అనుకుంటూ దాన్ని చెడగొట్టాను.

ఆ రోజుల్లోనే అమ్మ చేతిలోంచి గిన్నెలు జారడం మొదలైంది. చక్కెర జబ్బు ఆమెకు ఎప్పటినుంచో ఉంది. మాత్రలు వేసుకుంటుంది, తీపి మానదు. నాయన ఆమెను పాలక్కోడులో డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. గిన్నెలు జారుతున్నాయని మాత్రమే అమ్మ చెప్పింది. చేతి పట్టు తగ్గిందనుకొని డాక్టరు ఒక కాగితం ఇచ్చి పంపాడు. అది ఇంగ్లీషులో ఉంటే నాయన ఫొటో తీసి నాకు పెట్టాడు. రోజుకు రెండు పూటలు, పది నిమిషాలు, గుడ్డను చుట్టగా చుట్టి పిడికిట్లో పెట్టుకొని ఒత్తాలి. వేళ్ళకు బలం రావడానికి చేసే మామూలు వ్యాయామం.

నేను క్లాసుకు పోతూ వరండాలో నిలబడి, ఫోనులో మాట రికార్డు చేసి పంపాను. ఆ మాటలు ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి. "అమ్మా, డాక్టరు ఇచ్చిన కాగితం చూశాను. వేళ్ళకు రెండు పూటలా ఒత్తడం చేయాలి. గుడ్డ చుట్టి పిడికిట్లో పెట్టుకో. పది నిమిషాలు. ఊరికే పైపైన కాదు, బాగా చేయాలి. మరిచిపోవద్దు."

ఆ శనివారం కాలేజీలో పరీక్షల పని పడి ఊరికి పోలేదు. పై శనివారం పోయాను. అమ్మ కాఫీ గ్లాసు ఎడమ చేత్తో ఇచ్చింది. కుడి చెయ్యి కొంగులో ఉంది. ఎడమ చేత్తో ఏదైనా ఇస్తే చిన్నప్పుడు నా వీపు విమానం మోత మోగించిన మనిషి. కొంగు లాగి చూశాను. బొటనవేలు, పక్క రెండు వేళ్ళు, అరచెయ్యి మొదలు, అన్నీ బొబ్బలు. కొన్ని పగిలి లోపల ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది?"

"ఏమీ లే. రొంత బొబ్బలు. ఆరిపోతాయి."

"ఎట్లా వచ్చాయి?"

"ఏమ్మే, నువ్వు చెప్పిన ఒత్తడమే కదా!"

నాకు అర్థం కాలేదు. గుడ్డను ఒత్తితే బొబ్బలెట్లా వస్తాయి? అప్పుడు నాయన వంటింట్లోంచి ఇనుప పెనం ఎత్తి చూపించాడు. పెనం నిండా రాళ్ళ ఉప్పు, వేగి వేగి బూడిద రంగుకు తిరిగి ఉంది.

"దినమూ రెండు తూర్లు నేనే వేయించి గుడ్డలో కట్టి ఇస్తా ఉండాను. నా చేతికి కాలింది, ఇంత వేడి వద్దంటిని. ఈమె ఇనలే. వేడే తెలియలేదు, ఇంకా కాచు, పాప బాగా చేయమనింది అనె."

అప్పుడు తెలిసింది. మా వైపు ఒత్తేదాన్ని ఒత్తేది అనే అంటారు. ఒత్తడం అంటే వేరు. అది తమిళంలోంచి మా ఇళ్ళలోకి వచ్చిన మాట. వేడి ఉప్పునో ఇసుకనో గుడ్డలో మూటగట్టి నొప్పి ఉన్నచోట పెట్టేదాన్ని ఒత్తడం అంటారు. తెలుగు పుస్తకాల్లో కాపడం అని రాసేది అదే. నాకు జ్వరం వచ్చినప్పుడు, మెడ పట్టినప్పుడు అమ్మ పెట్టింది ఒత్తడమే. ఆ మాట నాకు తెలియకనా? తెలుసు. తిరుపతిలో ఆ మాటను మడిచి ఎక్కడో పెట్టేసి, దాని మీద ఇంకో ఒత్తడాన్ని తెచ్చి పెట్టుకున్నాను. గుడ్డ చుట్టి, పది నిమిషాలు, బాగా. నేను చెప్పిన ప్రతి మాటా ఉప్పు మూటకు సరిపోయింది. మా ఇంటి తెలుగులో "ఒత్తేది చెయ్యి" అని ఉంటే అమ్మ గుడ్డను ఒత్తి ఉండేది.

కాని నన్ను అక్కడే కూలబడేసింది ఆ మాట కాదు. నాయన చేతికి కాలిన మూట అమ్మ చేతికి వేడే కాలేదు. రోజుకు రెండుసార్లు, తొమ్మిది రోజులు, వేళ్ళు కాలుతుంటే ఆమె ఇంకా వేడి చేయమంది.

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరకు తీసుకుపోయాము. ఈసారి ఆయన అమ్మను కళ్ళు మూసుకోమని, దూదితో ఒకసారి, సూది మొనతో ఒకసారి వేళ్ళను ముట్టి, తెలిసినప్పుడు చెప్పమన్నాడు. ఎడమ చేతికి చెప్పింది, కొంత తప్పినా చెప్పింది. కుడి చేతి వేళ్ళ దగ్గర ఆమె ఏమీ చెప్పకుండా కూర్చుంది. ఇంకా మొదలుపెట్టలేదేమో అన్నట్టు మర్యాదగా ఎదురుచూస్తోంది. ఆ మూసిన కళ్ళను చూస్తూ నిలబడటం నావల్ల కాలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. చక్కెర వల్ల వేళ్ళ నరాలు మొద్దుబారాయని, కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు. బొబ్బలు మానడానికి నెల పైన పట్టింది.

సోమవారం ల్యాబుకు పోయి ఆ రెండు పంటల ఎర్ర దారం పెట్టెలూ దించాను. యంత్రం పలచవన్న గూళ్ళను ఒక్కొక్కటే బ్లేడుతో కోశాను. పొర ఉల్లిపొట్టు కంటే కొంచెం మందం. రెండో గూడూ అంతే, మూడోదీ అంతే. నా పరికరం సరిగ్గానే చెబుతూ వచ్చింది. రెండు పంటల నుంచీ చెబుతూనే ఉంది, మీ అమ్మ వేళ్ళకు తెలియడం లేదు అని. దాని మాట చెవిన వేసుకోకపోగా దాని నోరు నొక్కాను. ఊదితే కదిలే మెత్తను చేసినదాన్ని, అమ్మ చేతిలో గిన్నెలు జారుతుంటే ముసలితనం అనుకున్నాను.

ఇంకొకటి కూడా ఆ బల్ల దగ్గరే తట్టింది. నా పరికరం వేడిని ఒత్తు అనుకుంది, అమ్మ ఒత్తును వేడి అనుకుంది. పరికరానికైతే పక్కన ఇంకో పోగు పెట్టాను. అమ్మకు ఒత్తడం అనే మాట పక్కన పిండు అనో పిసుకు అనో ఇంకొక్క మాట పెట్టి ఉంటే సరిపోయేది.

ఈ సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని రెండు వారాలు నలిగాను. ఊళ్ళో అందరూ తెచ్చి చూపించుకునే చెయ్యి అది. అది తప్పుతోందని కూతురే యంత్రం పెట్టి కనిపెట్టిందంటే ఎట్లా ఉంటుంది? చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె కట్టు మారుస్తూ చెప్పేశాను. కోసిన గూళ్ళు కూడా రెండు చూపించాను. ఆమె కోపగిస్తుందనుకున్నాను. ఎడమ చేత్తో గూటి ముక్కను తీసుకొని వెలుతురుకు పెట్టి చూసింది.

"నాకు తెలియదా ఏమి?" అంది. "ఈ రెండు పంటలుగా తెలియలే. చేతిలో గూడు ఉండాదో లేదో కూడా చూసుకొనే పట్టుకునేది."

"మరి ఎట్లా ఏరినావు?"

"చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తా ఉంటిని. లోపల పురుగు బాగుంటే అదొక చప్పుడు. పురుగు తెలుస్తుంది గాని పైపొర తెలియదు కదా చెవికి."

"చెప్పొచ్చు కదమ్మా!" గట్టిగానే అరిచాను.

నాయన తోటలో ఉన్నాడా లేదా అని వాకిలి వైపు చూసి అప్పుడు అంది అమ్మ. "చెప్తే మీ నాయన షెడ్డు మూసేస్తాడు. పురుగులు వద్దంటారు, కూర్చో అంటారు. నేను కూర్చొని ఏం చేసేది పాపా? నీ దారం తప్పు చెప్తా ఉందని నువ్వు దాన్ని తిట్టేటప్పుడంతా, పాపం దానిదేం తప్పు అనుకుంటిని. చెప్పేదానికి భయం."

డాక్టరు దగ్గర గిన్నెల సంగతి మాత్రమే ఎందుకు చెప్పిందో అప్పుడు అర్థమైంది. నేను ఆమె కుడి చెయ్యి నా ఒళ్ళో పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. నేను పట్టుకున్నది ఆమెకు తెలుస్తోందో లేదో అడగడానికి ధైర్యం చాలలేదు.

బొబ్బలు మానిన తరువాత నాయనకు ఆమే చెప్పింది. ఆమె భయపడినట్టే ఆయన, ఈ పంటతో చాలిద్దాం అన్నాడు. షెడ్డులో పురుగులు అప్పటికే గూళ్ళు కట్టేశాయి. వాటిని తీసి ఏరడం మిగిలింది. కాలేజీకి రెండు రోజులు సెలవు పెట్టి పోయాను. నేను ఏరతాను, నువ్వు చూస్తూ ఉండు అన్నాను అమ్మతో. కుప్ప ముందు కూర్చొని ఒక గూడు తీసుకొని ఒత్తాను. ఏమీ తెలియలేదు. ఇంకోటి ఒత్తాను. గట్టిగా ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. పట్టుగూళ్ళ ఇంట్లో పుట్టి, వాటి మీదే ఇన్నేళ్ళు పని చేసి, నా వేలితో ఒక్క గూటినీ తేల్చలేకపోయాను. ఎంత ఒత్తాలో నాకు తెలియదు. మెల్లగా ఒత్తితే అన్నీ మంచివే, గట్టిగా ఒత్తితే అన్నీ పలచవే.

అమ్మ కాసేపు చూసింది. తరువాత జరిగి నా వెనక కూర్చొని, కొత్త చర్మం వచ్చిన తన మూడు వేళ్ళను నా మూడు వేళ్ళ మీద పెట్టింది. గూడు నా వేళ్ళ కింద, నా వేళ్ళు ఆమె వేళ్ళ కింద. నడుము దగ్గర ఒత్తింది. ముందు ఎక్కువైంది, గూడు సొట్టపోయింది. ఎంత ఒత్తిందో ఆమెకు తెలియదు మరి.

"సాలు అనేటప్పుడు సాలు అను," అంది.

మళ్ళీ ఒత్తింది. గూడు నా వేలిని వెనక్కి తోయడం మొదలుపెట్టిన చోట సాలు అన్నాను. చాలు అని కాదు. ఆమె ఆపింది. కొస దగ్గర ఒత్తింది, సాలు అన్నాను. నాలుగైదు గూళ్ళు అయ్యేసరికి ఆమె చేతి వేగం నా వేళ్ళకు అందింది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత తొందరగా విడవాలో అంతా ఆమె చేతిలో ఇంకా ఉంది. పోయింది తెలియడం ఒక్కటే.

"ఒత్తేది నాది, తెలిసేది నీది," అంది నా చెవి పక్కన. "ఎట్ల ఉండాది, చెప్పు."

"తోస్తా ఉండాది," అన్నాను.

"కుడి పక్క ఎయ్యి."

నాయన ఆకు కోసే కొడవలి పట్టుకొని వాకిట్లో నిలబడి మమ్మల్ని చూశాడు. ఇంకో ఖాళీ బుట్ట తెచ్చి కుడి పక్కన పెట్టి పోయాడు. అమ్మ నా వేళ్ళ మీద వేళ్ళు ఉంచి తరువాతి గూడు తీసుకోమంది.